గేమింగ్ మానిటర్ కొనేముందు: కార్డు నుంచి కేబుల్ దాకా సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ కంప్యూటర్ అంగడికి పోయి గేమింగ్ మానిటర్ అడిగితే బేరం రెండు ప్రశ్నల్లో అయిపోతుంది: "అన్నా, ఇది ఎన్ని హెర్ట్జ్?", "ఆఖరు రేటు ఎంత?" ఆ తెర మటుకు ఐదారేళ్లు కళ్లెదురుగా ఉండిపోతుంది. ర్యామ్ పెంచుతారు, గ్రాఫిక్స్ కార్డు అమ్మి కొత్తది వేస్తారు, మానిటర్‌ను మాత్రం అంత తేలిగ్గా మార్చరు. అందుకే అడగాల్సినవి ఇంకా ఉన్నాయి, వాటికి ఒక వరస కూడా ఉంది. వరస తప్పితే కార్డు సెకనుకు 70 ఫ్రేములు, అంటే 70 బొమ్మలు, ఇచ్చే చోట సెకనుకు 240 సార్లు బొమ్మ మార్చే 240 హెర్ట్జ్ తెర వచ్చి కూర్చుంటుంది, అర మీటరు బల్ల మీద 32 అంగుళాల తెర మెడ నొప్పి తెస్తుంది.

వరస ఇది: కార్డు, బల్ల, రిజల్యూషన్, ప్యానెల్, వేగం, పోర్టులు. రేటు ఆ తర్వాతే.

1. మీ కార్డు ఎన్ని ఫ్రేములు ఇస్తోందో లెక్క తీయండి

మానిటర్ సొంతంగా ఫ్రేములు పుట్టించదు. గ్రాఫిక్స్ కార్డు ఇచ్చినవి చూపిస్తుంది, అంతే. కాబట్టి ఇప్పుడున్న తెర మీదే కొలత మొదలుపెట్టండి. మీరు ఎక్కువగా ఆడే 3 గేములు తీసుకోండి. ఫ్రేముల సంఖ్య చూపే సౌకర్యం స్టీమ్‌లో ఉంది. ఎన్విడియా యాప్‌లో ఆల్ట్, ఆర్ కలిపి నొక్కితే వస్తుంది, ఏఎమ్‌డీ అడ్రినలిన్‌లోనూ ఉంది. వీ-సింక్ (ఫ్రేములను తెర వేగానికి కట్టేసే సెట్టింగు) ఆపి, ఒక్కో గేమ్ అరగంట ఆడండి. సగటు ఎంతొచ్చిందన్నది తర్వాత సంగతి. పొగ, పేలుళ్లు, జనం నిండిన సన్నివేశంలో అంకె ఎంతకు పడిపోయిందో రాసుకోండి.

వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటివి మామూలు కార్డు మీద కూడా 150 దాటగలవు. అక్కడ అడ్డం పడేది తరచుగా ప్రాసెసరే. సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన గేములో అదే కార్డు 50 దగ్గర ఆయాసపడుతుంది. ఎల్డెన్ రింగ్‌కు 60 ఫ్రేముల గిరి కంపెనీయే గీసింది, ఎంత తెర తెచ్చినా దాటదు. మీరు ఆడేవి మొదటి రకమైతే హెర్ట్జ్ మీద డబ్బు పెట్టండి. కథా గేములైతే రంగు, నలుపు, రిజల్యూషన్ మీద పెట్టండి.

హెర్ట్జ్ ఇచ్చే లాభం ఎప్పుడూ ఒకేలా ఉండదు. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144లో 6.9, 240లో 4.2, 360లో 2.8. అంటే 60 నుంచి 144కు పోతే దాదాపు 10 మిల్లీసెకన్లు మిగులుతాయి, ఆ తేడా చిన్నపిల్లలకు కూడా కనబడుతుంది. 144 నుంచి 240కి మిగిలేది 3 కంటే తక్కువ. పోటీ ఆటగాళ్లకు అదీ పనికొస్తుంది, కానీ దానికి కార్డు నిలకడగా 200 పైన ఇవ్వాలి. ఎక్కువమందికి 144–180 మధ్యలోనే డబ్బుకు తగ్గ ఫలితం.

2. టేపు తీసుకుని బల్ల కొలవండి

దీన్ని చాలామంది వదిలేస్తారు. తిరుపతి బైరాగిపట్టెడ, కొర్లగుంట అద్దె గదుల్లో, పీజీ హాస్టళ్లలో దొరికే చదువుకునే బల్ల లోతు చాలావరకు 45 నుంచి 60 సెంటీమీటర్లు. గేమింగ్ మానిటర్ స్టాండు పాదమే 20–25 సెంటీమీటర్లు తింటుంది. స్టాండు గోడకు ఆనించినా తెర 10–15 సెంటీమీటర్లు ముందుకొస్తుంది. మీ కన్ను నుంచి తెరకు ఎంత మిగిలిందో కూర్చుని కొలవండి.

24 అంగుళాలకు 55–60 సెంటీమీటర్ల దూరం చాలు. 27 అంగుళాలకు 70 ఉంటే హాయి. 32కు 80 పైన కావాలి, లేకపోతే మూలలో మ్యాప్ చూడటానికి తలే తిప్పాల్సి వస్తుంది. వెడల్పు కూడా చూసుకోండి: 24 అంగుళాల తెర సుమారు 53 సెంటీమీటర్లు, 27ది 60, 32ది 70, 34 అంగుళాల అల్ట్రావైడ్ 80.

జాగా తక్కువైతే మానిటర్ ఆర్మ్ బిగించి పాదం మొత్తం తీసేయొచ్చు. దానికి మానిటర్ వెనక 75×75 లేదా 100×100 మిల్లీమీటర్ల వెసా రంధ్రాలు ఉండాలి. చవక మోడళ్లలో కొన్నింటికి ఉండవు. ప్లైవుడ్ మందం 18 మిల్లీమీటర్లు ఉంటే బిగింపు నిలుస్తుంది. పార్టికల్ బోర్డు బల్ల అయితే బిగింపు కింద ఒక ఇనప పలక పెట్టకపోతే నొక్కుకుపోతుంది.

ఇంకో మాట: కిటికీ ఎటుందో చూడండి. వీపు వెనక కిటికీ ఉంటే తెరలో మీ మొహమే కనబడుతుంది. బల్లను కిటికీకి అడ్డంగా తిప్పడం, 300 నిట్ల కంటే ఎక్కువ వెలుగున్న మానిటర్ కొనడం కంటే చవక.

3. రిజల్యూషన్, సైజు విడిగా చూడొద్దు

1080పీలో పిక్సెళ్లు, అంటే తెర మీది చుక్కలు, సుమారు 20.7 లక్షలు. 1440పీలో 36.9 లక్షలు. 4కేలో 82.9 లక్షలు, అంటే 1080పీకి సరిగ్గా 4 రెట్లు. ఒక్కో ఫ్రేముకు కార్డు ఇన్నింటికీ రంగు వెయ్యాలి. కాబట్టి రిజల్యూషన్ పెంచిన ప్రతిసారీ మొదటి అడుగులో రాసుకున్న అంకె కిందికి దిగుతుంది.

సైజుతో కలిపి చూస్తే అసలు స్పష్టత తెలుస్తుంది. అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్నది లెక్క: 24 అంగుళాల 1080పీ తెరకు 92, 27 అంగుళాల 1080పీకి 82, 27 అంగుళాల 1440పీకి 109, 32 అంగుళాల 1440పీకి మళ్లీ 92, 27 అంగుళాల 4కేకు 163.

ఇందులో ఎగ్గొట్టాల్సింది 27 అంగుళాల 1080పీ. "పెద్ద తెర, తక్కువ రేటు" అని అంగళ్లలో ముందు చూపించేది కూడా తరచుగా ఇదే. గేములో కొంత సర్దుకుపోవచ్చు, తెలుగు చదివేటప్పుడు మాత్రం బయటపడుతుంది. ఇంగ్లీషు అక్షరం 82 పిక్సెళ్లలో కూడా నిలబడుతుంది. మన వత్తులు నిలబడవు. "స్త్రీ", "లక్ష్మి" లాంటి మాటల్లో కింది వత్తు ముద్దగా అతుక్కుంటుంది, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పట్టుకోవడానికి కళ్లు చికిలించాలి. అదే తెర మీద చదువు, పని, వార్తలు అన్నీ సాగే ఇంట్లో ఇది రోజూ ఉండే బాధ. అంగట్లో తెర చూసేటప్పుడు ఏదైనా తెలుగు వార్తా పేజీ తెరవమని అడగండి, ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

కార్డుకు తగ్గ జోడీ ఇట్లా ఉంటుంది. జీటీఎక్స్ 1650, పాత గేమింగ్ ల్యాప్‌టాప్ స్థాయికి 24 అంగుళాల 1080పీ, 100–144 హెర్ట్జ్. ఆర్‌టీఎక్స్ 3050, ఆర్‌ఎక్స్ 6600 స్థాయికి అదే సైజు, 144–180. ఆర్‌టీఎక్స్ 4060, 5060 స్థాయి సరిహద్దు మీద ఉంది. తేలిక గేములకు 27 అంగుళాల 1440పీ బాగానే నడుస్తుంది, కొత్త బరువైన గేములకు డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఎన్విడియా సౌకర్యం) వాడాలి, టెక్స్చర్లు తగ్గించాలి, ఎందుకంటే 8 జీబీ వీడియో మెమరీ త్వరగా నిండుతుంది. ఆర్‌టీఎక్స్ 4070, 5070, ఆర్‌ఎక్స్ 9070 ఉంటే 27 అంగుళాల 1440పీ, 180 పైన, ఇంకేం ఆలోచించక్కర్లేదు. 4కే అంతకు పైనున్న కార్డులకే.

ఒక చిక్కు ముందే తెలుసుకోండి. 1440పీ తెర కొని గేమును 1080పీలో నడిపితే ఒక్కో పిక్సెల్ 1.33 పిక్సెళ్ల మీద పరుచుకోవాలి, బొమ్మ మసకబారుతుంది. "ఇప్పుడు 1080లో ఆడి, కార్డు మార్చాక 1440కి పోదాం" అనే ఆలోచనకు ఇదే అడ్డం. ఆ అవసరం వస్తే తెర రిజల్యూషన్ 1440లోనే ఉంచి, గేములో డీఎల్‌ఎస్‌ఎస్ గానీ, అదే పని చేసే ఏఎమ్‌డీ ఎఫ్‌ఎస్‌ఆర్ గానీ క్వాలిటీ మోడ్‌లో పెట్టండి. ఫలితం చాలా మేలు.

4. ప్యానెల్: ఐపీఎస్, వీఏ, ఓఎల్ఈడీ

ఐపీఎస్ రంగు బాగుంటుంది, పక్క నుంచి చూసినా మారదు, వేగం సరిపోతుంది. లోపం నలుపులో ఉంది: కాంట్రాస్టు (తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుగు తేడా) సుమారు 1000:1 కాబట్టి చీకటి గదిలో నలుపు బూడిదరంగులోకి తేలుతుంది, మూలల్లో తెల్లటి మెరుపు కనబడుతుంది. పగలు, ట్యూబ్‌లైటు కింద ఆడేవాళ్లకు ఇది తగలదు.

వీఏ కాంట్రాస్టు 3000:1 లేదా పైన. రాత్రి లైటార్పి భయపెట్టే గేములు ఆడితే నలుపు నల్లగానే ఉంటుంది. లోపం కదలికలో. ముదురు రంగు నుంచి మరో ముదురు రంగుకు మారడానికి చవక వీఏ ప్యానెళ్లు 20–30 మిల్లీసెకన్లు కూడా తీసుకుంటాయి. 144 హెర్ట్జ్‌లో ఫ్రేము ఆయుష్షు 6.9 మిల్లీసెకన్లే కదా, 3–4 ఫ్రేముల పాటు పాత నీడ వెనకే ఈడ్చుకొస్తుంది. చీకటి గోడ ముందు శత్రువు పరుగెత్తితే వెనక నల్లటి తోక కనబడేది ఇందుకే. చవకలో దొరికే వంపు తెరలు చాలావరకు వీఏలే. షూటింగ్ గేములకు తీసుకోవద్దు.

టీఎన్ అనే పాత రకం ప్యానెల్ ఇప్పుడు కొనాల్సిన పని లేదు.

ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ సొంతంగా వెలుగుతుంది. నలుపు అంటే పూర్తిగా ఆరిపోవడమే, మార్పు 1 మిల్లీసెకనులోపే. బొమ్మ అద్భుతంగా ఉంటుంది. రెండు సంగతులు తూచుకోండి. ఒకటి, టాస్క్‌బార్, గేము మ్యాప్ లాంటి కదలని బొమ్మలు వేల గంటలు ఉంటే మచ్చపడతాయి. వారంటీ కాగితంలో "బర్న్-ఇన్" మాట స్పష్టంగా ఉందో లేదో చదవండి. రెండు, వేడి దీనికి శత్రువు. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మిద్దె మీది రేకుల గది ఇంకా కాలుతుంది. మామూలు మానిటర్లకు కూడా కంపెనీలు సాధారణంగా చెప్పే పని వేడి హద్దు 40 డిగ్రీలే. ఏసీ లేని పై గదిలో ఓఎల్ఈడీ పెట్టొద్దు. పలమనేరు, మదనపల్లె వైపు చల్లటి గాలి ఉన్నవాళ్లకు ఈ బెంగ తక్కువ.

5. "1 మిల్లీసెకను" అన్న మాటను విప్పి చూడండి

అట్టపెట్టె మీద అన్నింటికంటే పెద్దగా అచ్చేసేది ఇదే, అన్నింటికంటే తక్కువ నమ్మాల్సిందీ ఇదే. ఆ ఒకే అంకె కింద రెండు వేరు కొలతలు దాక్కుంటాయి.

మొదటిది జీటీజీ: పిక్సెల్ ఒక బూడిద ఛాయ నుంచి మరో ఛాయకు మారే సమయం. కంపెనీలు బాగా వచ్చిన ఒక్క మార్పును ఎంచుకుని, ఓవర్‌డ్రైవ్‌ను (పిక్సెల్‌ను త్వరగా మార్చే సెట్టింగు) ఆఖరి మెట్టు మీద పెట్టి కొలిచి 1 అని రాయొచ్చు. మీరు రోజూ వాడే సెట్టింగులో అది 4–6 ఉండొచ్చు. రెండోది ఎంపీఆర్‌టీ: వెనక లైటును ఫ్రేము ఫ్రేముకూ ఆర్పి వెలిగిస్తూ మసకను తగ్గించే పద్ధతిలో కొలిచేది. అది వేస్తే తెర వెలుగు బాగా పడిపోతుంది, చాలా మోడళ్లలో అడాప్టివ్ సింక్ (దీని సంగతి 6లో) కూడా ఆగిపోతుంది. పెట్టె మీద "1 ఎంఎస్ ఎంపీఆర్‌టీ" అని మాత్రమే ఉండి జీటీజీ మాటే లేకపోతే ఆ మానిటర్ అసలు వేగం వాళ్లు చెప్పలేదని అర్థం.

ఓవర్‌డ్రైవ్ ఏం చేస్తుందంటే, పిక్సెల్ త్వరగా మారడానికి దానికి కావలసినదానికంటే ఎక్కువ వోల్టేజీ కొద్దిసేపు తోస్తుంది. హద్దు మీరితే పిక్సెల్ గమ్యం దాటిపోయి వెనక్కొస్తుంది. అప్పుడు కదిలే వస్తువు వెనక నల్ల తోకకు బదులు తెల్లటి లేదా రంగు అంచు కనబడుతుంది. దీన్ని మందగమనం అనుకుని కొందరు ఓవర్‌డ్రైవ్ ఇంకా పెంచుతారు, అంచు ఇంకా పెరుగుతుంది. మెనూలో నార్మల్, ఫాస్ట్, ఎక్స్‌ట్రీమ్ ఉంటే మధ్యది పెట్టండి. పైగా 165 హెర్ట్జ్‌కు సరిపోయిన ఓవర్‌డ్రైవ్, గేము 60 ఫ్రేములకు పడినప్పుడు మితిమీరుతుంది. ఫ్రేములు ఎక్కువ ఊగే గేముల్లో ఒక మెట్టు దించండి.

పిక్సెల్ ఎంత వేగంగా మారినా ఒక మసక మిగులుతుంది. ఫ్రేము మారేదాకా బొమ్మ అక్కడే నిలిచి ఉంటుంది, కన్ను మాత్రం ముందుకు కదులుతుంది. సెకనుకు 960 పిక్సెళ్లు కదిలే వస్తువు 60 హెర్ట్జ్‌లో 16 పిక్సెళ్ల మేర పులుముకుంటుంది, 144లో 7కు దగ్గర, 240లో 4. అంటే వేగం కావాలంటే జీటీజీ అంకె, రిఫ్రెష్ రేటు (హెర్ట్జ్) రెండూ కలిసి రావాలి. ఒకటి పరుగెత్తి ఇంకొకటి కూర్చుంటే లాభం లేదు.

చిన్న ముచ్చట: ద్రవ స్ఫటికం చలికి చిక్కబడుతుంది, అందుకే ఎల్‌సీడీ తెర చలిలో మందంగా మారుతుంది. జనవరి తెల్లవారుజామున తోక ఎక్కువగా కనబడితే తెర పాడైందని కంగారుపడొద్దు, 20–30 నిమిషాలు వేడెక్కనిచ్చి మళ్లీ చూడండి.

6. అడాప్టివ్ సింక్ తప్పకుండా ఉండాలి

కార్డు ఫ్రేము ఇచ్చే వేళ, తెర కొత్త బొమ్మ గీసే వేళ కలవకపోతే బొమ్మ అడ్డంగా చిరిగినట్టు కనబడుతుంది. అడాప్టివ్ సింక్ ఉంటే తెర తన వేగాన్ని కార్డుకు తగ్గట్టు మార్చుకుంటుంది. పెట్టె మీద ఫ్రీసింక్ (అడాప్టివ్ సింక్‌కు ఏఎమ్‌డీ పెట్టిన పేరు) అని ఉండి మీ దగ్గర ఎన్విడియా కార్డు ఉందని వెనకాడొద్దు. 2019 జనవరి నుంచి జీటీఎక్స్ 10 వరస, ఆ తర్వాతి కార్డులు డిస్‌ప్లేపోర్ట్ ద్వారా ఫ్రీసింక్ తెరలతో పనిచేస్తాయి.

అంగట్లో అడగాల్సింది దాని పరిధి. 48–144 అని ఉంటే మంచిది: గరిష్ఠం కనిష్ఠానికి రెట్టింపు దాటింది కాబట్టి ఫ్రేములు 48 కిందికి పడినా తెర ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపి నెట్టుకొస్తుంది. 48–75 అని ఉంటే ఆ వెసులుబాటు లేదు, 45కు పడగానే తడబాటు మొదలవుతుంది. కొన్ని వీఏ, ఓఎల్ఈడీ తెరల్లో ఫ్రేములు గబగబా ఊగితే వెలుగు మినుకుమినుకుమంటుంది, ముఖ్యంగా గేము లోడయ్యే చోట. అక్కడ మాత్రమే వస్తే పర్వాలేదు. ఆట మధ్యలో వస్తే తెర వాపసు ఇచ్చే గడువులోనే తేల్చుకోండి.

7. పోర్టు, కేబుల్

పెట్టె మీద 180 హెర్ట్జ్ అని ఉన్నా అది చాలాసార్లు డిస్‌ప్లేపోర్ట్‌లోనే వస్తుంది. హెచ్‌డీఎంఐ 2.0లో 1440పీ సాధారణంగా 144 దగ్గర ఆగిపోతుంది, హెచ్‌డీఎంఐ 1.4 ఉంటే 1080పీ కూడా 120–144 దాటదు. డిస్‌ప్లేపోర్ట్ 1.4లో 1440పీ 240 దాకా పోతుంది. "హెచ్‌డీఎంఐ 2.1" అని రాసినంత మాత్రాన 48 గిగాబిట్ల పూర్తి వేగం ఉన్నట్టు కాదు. ఆ సౌకర్యాలు తయారీదారు ఇష్టం. స్పెసిఫికేషన్లలో ఒక్కో పోర్టు ఎదురుగా ఎన్ని హెర్ట్జ్ రాశారో చూడండి.

ల్యాప్‌టాప్ వాళ్లు తమ పోర్టు వెర్షన్ ముందే తెలుసుకోవాలి. టైప్-సీ ఉన్నంతమాత్రాన బొమ్మ రాదు, దానికి డిస్‌ప్లేపోర్ట్ సౌకర్యం ఉండాలి. పీఎస్5 కోసమైతే హెచ్‌డీఎంఐ 2.1 చూసుకోండి: 1440పీ సౌకర్యం 2022లో వచ్చింది, వీఆర్‌ఆర్ (అడాప్టివ్ సింక్ లాంటిదే) 48–120 మధ్య పనిచేస్తుంది, 120కి పైనున్న హెర్ట్జ్ దానికి దండగ.

హెచ్‌డీఆర్ (మెరుపునూ చీకటినీ ఎక్కువ తేడాతో చూపే సౌకర్యం) గురించి: "డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400" ముద్ర ఉన్న ఎల్‌సీడీ చూసి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వొద్దు. హెచ్‌డీఆర్ కావాలంటే ఓఎల్ఈడీ, లేదా వెనక లైటు వందల జోన్లుగా విడివిడిగా వెలిగే మినీ ఎల్ఈడీ. స్పీకర్లు, రంగుల లైట్లు లెక్కలోకి తీసుకోవద్దు.

8. ఎక్కడ కొనాలి, బిల్లులో ఏం చూడాలి

రేట్లు నెలనెలా మారతాయి. తేడా పట్టుకోవడానికి ఒక అందాజా: 24 అంగుళాల 1080పీ ఐపీఎస్ 8–12 వేలు, 27 అంగుళాల 1440పీ ఐపీఎస్ 15–25 వేలు, ఓఎల్ఈడీ 50 వేల చుట్టూ మొదలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన మానిటర్లకు కూడా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. 34 అంగుళాల పాత స్టాకు పాత రేటుకే చెబితే ఈ మాట గుర్తు చేయండి.

తిరుపతి వాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు, చిత్తూరు వాళ్లు వేలూరుకో బెంగళూరు ఎస్పీ రోడ్డుకో పోయి కొనడం మామూలే. వెరైటీ ఎక్కువ దొరుకుతుంది, నిజమే. తేడా వెయ్యి రూపాయలే అయితే దగ్గరి అంగడే మేలు: పిక్సెల్ చచ్చిందని మర్నాడు తిరిగి చెన్నై పోవడానికి 135 కిలోమీటర్లు దూరమే. పోయి కొంటే అక్కడే ప్లగ్గు పెట్టించి తెలుపు, నలుపు తెరలు చూసి తీసుకోండి. రైల్లో గానీ బస్సులో గానీ పెట్టెను నిలువుగా, తెరవైపు సీటు వీపుకు ఆనించి పెట్టండి. పడుకోబెట్టి పైన బ్యాగు పెడితే ప్యానెల్ మధ్యలో ఒత్తిడి పడి సన్నటి గీత పడుతుంది, దాన్ని ఏ వారంటీ ఒప్పుకోదు.

బిల్లులో సీరియల్ నంబరు ఉండాలి. మానిటర్ వెనక స్టిక్కర్ మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు సంఖ్య ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. ఆన్‌లైన్‌లో కొనేముందు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మూడు సంగతులు తెలుసుకోండి: 517501 లేదా 517001 పిన్‌కోడుకు ఇంటికొచ్చి సర్వీసు చేస్తారా, లేక సెంటరుకు మోసుకుపోవాలా, ఆ సెంటరు ఏ ఊళ్లో ఉంది, ఎన్ని పిక్సెళ్లు చస్తే మార్చిస్తారు. మూడోది ముఖ్యం. ఐఎస్ఓ రెండో తరగతి పాత లెక్క ప్రకారం ప్రతి పది లక్షల పిక్సెళ్లకు 2 ఎప్పుడూ వెలిగేవి, 2 ఎప్పుడూ ఆరిపోయినవి ఉన్నా తెర "బాగున్నట్టే". కంపెనీ అంతకంటే ఉదారంగా ఉంటే ఆ మాట ఈమెయిల్‌లో రాయించుకోండి. అమ్మినవాళ్లు మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

9. ఇంటికి వచ్చిన సాయంత్రమే పరీక్ష

ఆన్‌లైన్ పెట్టె అయితే సీలు కోసే ముందు నుంచే వీడియో తీయండి, తెర వెలిగి బొమ్మ వచ్చేదాకా ఆపొద్దు. పెట్టె, థర్మోకోల్ వాపసు గడువు ముగిసేదాకా అటక మీద దాచండి.

తెరను ఎత్తేటప్పుడు బొటనవేళ్లు ప్యానెల్ మీద పడకూడదు, అంచులే పట్టాలి. కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డులో పెట్టండి. మదర్‌బోర్డు పోర్టులో పెట్టి "ఫ్రేములు రావడం లేదు" అని తెరను తిట్టడం చాలా ఇళ్లలో జరిగేదే. ఎర్త్ లేని ప్లగ్గులో కంప్యూటర్ నడుస్తుంటే హెచ్‌డీఎంఐ తగిలించేటప్పుడు వేలికి జివ్వుమంటుంది, పోర్టు కాలిపోయేదీ అప్పుడే. రెండింటి స్విచ్చులూ ఆపి కేబుల్ పెట్టండి, ఎర్త్ వేయించండి.

ఆ తర్వాత వరసగా:

- తెర నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి పెట్టి దగ్గరగా చూడండి. నల్ల చుక్క చచ్చిన పిక్సెల్, రంగు చుక్క ఇరుక్కున్నది. వేలితో నొక్కొద్దు.
- గది చీకటి చేసి, వెలుగు 50 శాతం పెట్టి నల్ల తెర చూడండి. మూలలో మెరుపు మీ తల కదిలినప్పుడు మారితే అది ఐపీఎస్ స్వభావం. ఎటు నుంచి చూసినా కదలకుండా పసుపు మచ్చలా ఉంటే లైటు కారుతోంది, వాపసు ఇవ్వొచ్చు.
- టెస్ట్‌యూఎఫ్‌ఓ సైటులో కదిలే బొమ్మ చూస్తూ ఓవర్‌డ్రైవ్ మెట్లు మార్చండి. తోక పోయి, రంగు అంచు రాని మెట్టే మీది.
- అదే సైటులో ఫ్రేమ్ స్కిప్పింగ్ పరీక్షను ఫోన్ కెమెరాలో షట్టర్ సెకనులో పదో వంతు పెట్టి ఫొటో తీయండి. గడులు వరసగా వెలగాలి. మధ్యలో ఖాళీ గడి ఉంటే చెప్పిన హెర్ట్జ్ నిజంగా రావడం లేదు.

10. సెట్టింగులు

విండోస్ కొత్త తెరను చాలాసార్లు 60లోనే మొదలుపెడుతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకు పోయి రిఫ్రెష్ రేటు గరిష్ఠానికి మార్చండి. నెలల తరబడి 165 తెరను 60లో వాడుతున్నవాళ్లు ఉన్నారు.

మానిటర్ మెనూలో అడాప్టివ్ సింక్ ఆన్ చేయండి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో జీ-సింక్ (అడాప్టివ్ సింక్‌కు ఎన్విడియా పేరు) ఆన్, వీ-సింక్ ఆన్, గేములో మాత్రం వీ-సింక్ ఆఫ్. ఫ్రేముల పరిమితిని తెర వేగానికి 3 తక్కువగా పెట్టండి: 144కు 141, 165కు 162. ఇట్లా చేస్తే చిరుగు పోతుంది, మౌసు ఆలస్యం పెరగదు.

హెచ్‌డీఎంఐలో రంగులు సున్నం కొట్టినట్టు వెలసిపోతే తెర తప్పు కాదు. కార్డు దాన్ని టీవీ అనుకుంటోంది. అదే కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్‌ను ఫుల్‌కు మార్చండి. తెర అప్పుడప్పుడు ఒక సెకను నల్లబడి మళ్లీ వస్తుంటే ముందు కేబుల్ మార్చి చూడండి, పెట్టెలో వచ్చిన పొట్టి కేబుల్‌తోనే. 5 మీటర్ల చవక కేబుల్ ఎక్కువ హెర్ట్జ్‌ను మోయలేదు.

వెలుగును కంపెనీ పెట్టిన 80–100 శాతం నుంచి దించండి. ట్యూబ్‌లైటు గదిలో రాత్రి 120 నిట్ల దగ్గర కళ్లకు హాయి, చాలా తెరల్లో అది 30–40 శాతం దగ్గర వస్తుంది. చీకట్లో శత్రువు కనబడటానికి "బ్లాక్ ఈక్వలైజర్" లాంటి సెట్టింగు ఉంటే కొంచెమే పెంచండి, ఎక్కువైతే నలుపంతా బూడిదవుతుంది.

కరెంటు పోయే ప్రాంతమైతే యూపీఎస్ లెక్కలో తెరను మరిచిపోవద్దు. 24–27 అంగుళాల మానిటర్ 25–50 వాట్లు తాగుతుంది. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్) యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లు. గేము నడుస్తుండగా కార్డు, ప్రాసెసర్ కలిసి దాని అంచుకు చేరితే కరెంటు పోయిన క్షణమే అన్నీ ఆరిపోతాయి. గేమింగ్ పీసీకి 1000 వీఏ పెట్టుకోండి.

దుమ్ము వారానికోసారి తుడవండి, తెర ఆర్పి, చల్లారాక. మైక్రోఫైబర్ గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌తో కొంచెం తడిపి, పైనుంచి కిందికి ఒత్తకుండా. బోరు నీళ్ల ఉప్పు మచ్చలు మిగులుస్తుంది. కిటికీ అద్దాలకు కొట్టే స్ప్రే తెర మీది మెరుపు తగ్గించే పూతను తినేస్తుంది. ఏ ద్రవమైనా నేరుగా తెర మీద కొడితే కింది అంచులోకి జారి, అక్కడుండే సర్క్యూట్ దాకా పోతుంది.